వంటింటి ఈగ, కుండీ ఈగ, బాత్రూం ఈగ: మూడింటికీ మూడు పుట్టిళ్లు

అరటి హస్తం మీద ముసిరేవి కొన్ని. కుండీలో నీళ్లు పోయగానే మట్టిలోంచి లేచి మొహం చుట్టూ తిరిగేవి కొన్ని. బాత్రూం టైల్స్ మీద కదలకుండా అతుక్కుని ఉండేవి ఇంకొన్ని. మూడూ రెండు మూడు మిల్లీమీటర్ల ప్రాణులే కాబట్టి ఇంట్లో అందరూ వీటిని ‘చిన్న ఈగలు’ అని ఒకే గాటన కట్టేస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. మొదటిది పులిసిన పండులో పుడుతుంది, రెండోది తడి మట్టిలో, మూడోది డ్రెయిన్ పైపు లోపలి జిగురులో. పైపులో పుట్టే ఈగ కోసం పళ్లబుట్ట పక్కన వెనిగర్ గిన్నె పెట్టినా, మట్టిలో పుట్టే ఈగ కోసం సింకులో బ్లీచింగ్ పోసినా నెలలు గడుస్తాయి తప్ప ఈగలు తగ్గవు.

అందుకే మందు కొనే ముందు ఒక ఈగను పట్టుకుని చూడాలి. పారదర్శకమైన సెల్లో టేపుతో అద్ది, తెల్ల కాగితం మీద అంటించి, ఫోన్ కెమెరాలో జూమ్ చేస్తే చాలు. ఒళ్లు లేత గోధుమ రంగులో గుండ్రంగా, కళ్లు ఇటుక ఎరుపులో ఉంటే అది డ్రోసోఫిలా, వంటింటి ఈగ. ఒళ్లు నల్లగా సన్నగా, కాళ్లు దోమకు మల్లే పొడుగ్గా, రెక్కలో ఆంగ్ల అక్షరం వై ఆకారంలో చీలిన ఈనె కనిపిస్తే అది ఫంగస్ నాట్. పుట్టగొడుగులు పెంచేవాళ్లు దీన్ని సియారిడ్ ఈగ అంటారు, వాళ్లకిది పెద్ద శత్రువు. రెక్కల నిండా నూగు ఉండి, వాటిని ఇంటి కప్పులా పరుచుకుని బుల్లి చిమ్మట పురుగులా కూర్చుంటే అది డ్రెయిన్ ఫ్లై. వేలితో నొక్కితే బూడిదలా రాలుతుంది. నాలుగోదీ ఒకటుంది: వీపు గూనిగా ఉండి, ఎగరడానికి బదులు బల్ల మీద ఆగి ఆగి పరుగెత్తే ఫోరిడ్ ఈగ. అది అరుదు. కనిపిస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు, ఆ సంగతి చివర్లో.

మొక్కను కదిపినప్పుడు ఆకుల అడుగు నుంచి తెల్లగా లేచేవి ఈ జాబితాలోకి రావు. అవి రసం పీల్చే తెల్లదోమలు, వాటి వైద్యం ఆకుకు చేయాలి, మట్టికి కాదు.

కనిపించే ఈగలను చంపడం ఎందుకు సరిపోదో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఒక ఫంగస్ నాట్ ఆడఈగ సుమారు 150 గుడ్లు పెడుతుందనుకుందాం. వందకు తొంభై దారిలోనే పోయినా 15 మిగులుతాయి, అందులో ఏడు ఆడవి. ఆ ఏడూ మళ్లీ ఏడేసి ఆడఈగలను ఇస్తే 49, ఆ తర్వాత 343. మూడు తరాలకు పట్టే కాలం రెండున్నర నెలలే. రెక్కలొచ్చిన ఈగ బతికేది వారం పది రోజులు. మనం దోమల బ్యాటుతో చంపేది ఆ చివరి వారాన్ని మాత్రమే, అప్పటికి చాలావరకు గుడ్లు పెట్టడం అయిపోయి ఉంటుంది. బ్యాటు చిటపటలు మనసుకు తృప్తినిస్తాయి, అంతకుమించి ఇచ్చేది తక్కువ. స్ప్రే డబ్బా కూడా అంతే, పైగా అది గిన్నెల మీద పడుతుంది. సాంబ్రాణి పొగ వాటిని పక్క గదిలోకి తోలుతుంది.

వంటిల్లు

డ్రోసోఫిలాకు కావలసింది పండు కాదు, పులుపెక్కడం. పండు మగ్గి ఈస్టు పట్టినప్పుడు వచ్చే ఆల్కహాల్, ఎసిటిక్ ఆమ్లం వాసనను పట్టుకుని వస్తుంది. కల్లు ముంత చుట్టూ, పులిసిన దోసెపిండి గిన్నె అంచున, తడి చెత్తబుట్ట మూత కింద ఒకే జాతి ఈగ కనిపించేది అందుకే. 25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి రెక్కల ఈగ కావడానికి పది రోజులు పడుతుంది. గుడ్డు ఒక్క రోజులో పగులుతుంది, పురుగు నాలుగైదు రోజులు తిని, ఆపైన పొడి చోటు వెతుక్కుంటూ పాకి ప్యూపాగా, అంటే పురుగుకూ ఈగకూ మధ్య కదలని గూడు దశగా మారుతుంది. ఒక్క ఆడఈగ జీవితకాలంలో నాలుగు వందల వరకు గుడ్లు పెట్టగలదు. ఇంత తొందరగా, ఇంత విరివిగా పెరుగుతుంది కాబట్టే థామస్ హంట్ మోర్గన్ కొలంబియా విశ్వవిద్యాలయంలో దీన్ని పాల సీసాల్లో అరటిపండు వేసి పెంచి, వంశపారంపర్య లక్షణాలు క్రోమోజోముల మీద ఉంటాయని తేల్చి 1933లో నోబెల్ అందుకున్నాడు. మన చెత్తబుట్ట కూడా అలాంటి ప్రయోగశాలే, కాకపోతే నోట్సు రాసుకునేవాళ్లు ఉండరు.

వేడి 30 డిగ్రీలు దాటితే దీని సంతానం పడిపోతుంది. నడి వేసవిలో విజయవాడ వంటింట్లో మామిడిపళ్లు గుట్టగా ఉన్నా అంతగా కనబడని ఈగలు, తొలకరి పడి గది 26, 27 డిగ్రీలకు దిగగానే ఒక్కసారిగా ముసరడానికి కారణం ఇదే. ‘వానకు బయట నుంచి వచ్చాయి’ అనుకుంటారు కానీ, చాలాసార్లు ఇంట్లోనే పుడతాయి.

ఎక్కడ? పళ్లబుట్ట అందరికీ తెలిసిన జవాబు. తెలియని జవాబులు వేరే ఉన్నాయి. ఉల్లిపాయలు, బంగాళాదుంపల బుట్టలో అడుగున నీరు కారుతున్న ఒక్క దుంప. మిక్సీ అడుగు భాగంలో, జార్ బిగించే చోట ఎండిన చట్నీ. గ్రైండర్ రాయి కింద మిగిలిన పిండి. ఫ్రిజ్ వెనుక కంప్రెసర్ మీద నీళ్లు పడే ట్రే. పిండకుండా మూలన పడేసిన తడి గుడ్డ, నేల తుడిచే మాప్. దేవుడి దగ్గర మూడు రోజుల కిందటి కొబ్బరిచిప్ప, అరటిపండు, కలశంలోని నీళ్లు. రీసైక్లింగ్ కోసం కడగకుండా పెట్టిన జ్యూస్ సీసా, బీరు సీసా. వీటిలో ఏది అసలు దోషి అన్నది తేలాలంటే రాత్రి పడుకునే ముందు అనుమానం ఉన్న ప్రతిదాన్నీ విడివిడిగా పలుచని పారదర్శక కవరుతో కప్పి అంచులు మడవాలి. రెండు మూడు రోజులు ఇలా చేస్తే, లోపలి వైపు ఈగలు అంటుకుని కనిపించిన కవరు కిందే పుట్టిల్లు.

దాన్ని తీసేశాక మిగిలినవాటికి ట్రాప్ పనిచేస్తుంది. ముందు కాదు, తర్వాతే. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. బజార్లో దొరికే చవక తెల్ల వెనిగర్ సింథటిక్‌ది, నీళ్లలో కలిపిన ఎసిటిక్ ఆమ్లం మాత్రమే. పులిసిన పండు పరిమళం అందులో లేదు, అందుకే ఈగలు అంతగా రావు. యాపిల్ సిడర్ వెనిగర్ మేలు. అది లేకపోతే 50 మిల్లీలీటర్ల నీళ్లు, ఒక చెంచా బెల్లం, చిటికెడు ఈస్టు, రెండు ముక్కలు బాగా మగ్గిన అరటిపండు కలిపి ఒక రోజు ఉంచితే ఇంకా మంచి ఎర తయారవుతుంది. అందులో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేయాలి. ఆ చుక్క లేకపోతే ఈగ నీటి పైపొర మీద నిలబడి తాగి ఎగిరిపోతుంది, వేస్తే పొర తెగి మునుగుతుంది. చుక్క అంటే చుక్కే. ఎక్కువైతే సబ్బు వాసన ఎర వాసనను మింగేస్తుంది. గాజు గ్లాసులో పోసి, అడుగున అయిదు మిల్లీమీటర్ల రంధ్రం ఉండేలా కాగితాన్ని గరాటులా చుట్టి నోటికి బిగించాలి. అయిదో రోజుకల్లా పారబోసి కొత్తది పెట్టాలి. మరిచిపోతే తేలుతున్న అరటి ముక్క మీదే గుడ్లు పెట్టి ట్రాప్‌ను కాస్తా పురిటిగది చేస్తాయి.

ఎరువుల దుకాణంలోనో ఆన్‌లైన్‌లోనో ‘ఫ్రూట్ ఫ్లై ట్రాప్’ అని దొరికేది కొని వంటింట్లో కట్టినవాళ్లు మోసపోయామనుకుంటారు. అందులోని మిథైల్ యూజినాల్ అనే ఎర మామిడి, జామ తోటల్లో కాయను తొలిచే పండు ఈగ బాక్ట్రోసెరా కోసం. అదీ మగ ఈగలనే లాగుతుంది. పేరు ఒకటే అయినా పురుగు వేరు, కుటుంబమే వేరు. డ్రోసోఫిలా దాని వైపు చూడదు.

పుట్టిల్లు తీసేసిన మర్నాడే ఈగలు పోవు. బుట్ట అంచుల్లో, చెత్త డబ్బా మూత సందుల్లో అంటుకున్న బియ్యపు నూకల్లాంటి ప్యూపాల నుంచి ఇంకో వారం దాకా కొత్తవి వస్తూనే ఉంటాయి. డబ్బాను, బుట్టను వేడినీళ్లతో, పీచుతో తోమితే ఆ వారం కూడా తగ్గుతుంది. రెండు వారాల తర్వాత కూడా అదే జోరు ఉంటే రెండో పుట్టిల్లు ఉందన్నమాట. కొత్తగా తెచ్చిన పళ్లను కడిగి తుడిచి, మగ్గినవాటిని ఫ్రిజ్‌లోకి మార్చడం పాత సలహానే అయినా, అంతకన్నా మంచిది ఇప్పటికీ లేదు. కిటికీకి మామూలు దోమల మెష్ ఉందని ధీమా పడకూడదు, దాని కన్నాల్లోంచి ఈ ఈగ ఒళ్లు వంచి దూరగలదు.

కుండీలు

ఎక్కువ మందిని విసిగించేది ఫంగస్ నాటే, అందుకు కారణం ఎక్కువగా మొక్క మీది ప్రేమే. దీని పురుగు తెల్లగా, గాజులా, నల్లటి మెరిసే తలతో అయిదారు మిల్లీమీటర్లు ఉంటుంది. మట్టి పైభాగంలో అయిదారు సెంటీమీటర్ల లోపలే బతుకుతుంది. తినేది బూజు, నాచు, కుళ్లుతున్న సేంద్రియ పదార్థం. అవి చాలకపోతే లేత వేర్లు. పెరిగిన మనీప్లాంటుకు పెద్దగా నష్టం ఉండదు కానీ నారు, కొత్తగా నాటిన కొమ్మ, మొలక దశ కొత్తిమీర పడిపోతాయి. మనుషులను కుట్టదు.

అంటే దానికి రెండే కావాలి: ఎప్పుడూ తడిగా ఉండే పైమట్టి, అందులో సగం కుళ్లిన తిండి. మన మిద్దెతోటల్లో ఈ రెండూ చేతులారా సమకూరుస్తాం. పూర్తిగా మాగని పశువుల ఎరువు, రోజూ పోసే బియ్యం కడుగు, వడకట్టిన టీపొడి, అరటితొక్క ముక్కలు, పైన చల్లి వదిలేసిన వేపపిండి, ఇవన్నీ తడి మట్టి మీద బూజు కడతాయి. వేపపిండి పురుగును చంపుతుందని చల్లితే ఈగలు పెరిగాయన్న ఫిర్యాదు వింతేమీ కాదు. పైన తడిసి తెల్లగా బూజు పట్టిన పిండి దానికి విందు. వేపపిండి వేయాల్సిందే అనుకుంటే మట్టిలో అయిదారు సెంటీమీటర్లు లోపలికి కలిపి, పైన పొడి మట్టి కప్పాలి. వంటింటి తొక్కలు కంపోస్టు డబ్బాలోకి వెళ్లాలి, నేరుగా కుండీలోకి కాదు.

కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, ఇంకో మాయ చేస్తుంది. పైన లేత రంగుకు తిరిగి ఎండినట్టు కనిపిస్తుంది, ఒక్క అంగుళం కింద పిండితే నీరు కారుతుంది. కళ్లతో చూసి నీళ్లు పోసేవాళ్ల కుండీలే ఈగలతో నిండడానికి అది ఒక కారణం. చూపుడు వేలు రెండు కణుపుల దాకా గుచ్చి చూడాలి. లేదా కుండీని ఎత్తి చూడాలి, నీళ్లు పోసిన రోజు బరువు చేతికి గుర్తుంటే తేడా తెలుస్తుంది.

పురుగులు నిజంగా ఉన్నాయా, ఏ కుండీలో ఎక్కువ అన్నది తేల్చడానికి పచ్చి బంగాళాదుంప చాలు. సెంటీమీటరు మందం ముక్కలు కోసి, కోసిన వైపు మట్టికి ఆనేలా కాస్త నొక్కి పెట్టాలి. రెండు మూడు రోజుల తర్వాత తిప్పి చూస్తే నల్లతల పురుగులు అడుగున పాకుతూ కనిపిస్తాయి. ముక్కతో పాటే వాటిని తీసేయవచ్చు కూడా. నల్లతల లేకుండా దారప్పోగుల్లా తెల్లగా ఉన్నవైతే వర్మీకంపోస్టుతో వచ్చిన పాట్‌వర్మ్స్, నీళ్లు పోయగానే గెంతేవైతే స్ప్రింగ్‌టైల్స్. రెండూ మొక్కకు చెరుపు చేయవు, వాటిని వదిలేయొచ్చు.

వైద్యం ఎండబెట్టడంతోనే మొదలవ్వాలి. పై అయిదు సెంటీమీటర్లు పొడిబారితే గుడ్లు, చిన్న పురుగులు ఎండి చస్తాయి, ఆడఈగ కూడా అక్కడ గుడ్లు పెట్టదు. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్, మనీప్లాంట్, కరివేపాకు, కలబంద దీన్ని హాయిగా తట్టుకుంటాయి. పుదీనా, ఫెర్నులు, నారుమళ్లు తట్టుకోవు. వాటికి కింద నుంచి నీళ్లు పట్టాలి: వెడల్పు పళ్లెంలో రెండు అంగుళాల నీళ్లలో కుండీని అరగంట ఉంచి తీసేస్తే వేర్లు తాగుతాయి, పైమట్టి పొడిగానే ఉంటుంది. తీశాక పళ్లెం వంచేయడం మరవకూడదు, ఆ నీళ్లు వారం నిలిస్తే డెంగీ దోమ వాటాకు వస్తుంది.

దానితో పాటే పసుపు జిగురు అట్టలు. మిరప, పత్తి చేలల్లో తెల్లదోమకు కట్టే అట్టలే ఇవి. పసుపు ప్లాస్టిక్ ముక్కకు ఆముదమో గ్రీజో పూసినా పనిచేస్తుంది. కొమ్మకు వేలాడదీసే కంటే మట్టికి ఆనుకుని పడుకోబెట్టినట్టు పెడితే ఎక్కువ పడతాయి, ఎందుకంటే ఈ ఈగ పైకి ఎగిరేది తక్కువ, మట్టి మీద నడిచేది ఎక్కువ. అట్ట అసలు పని చంపడం కాదు, లెక్క చెప్పడం. వారం వారం పడ్డవాటిని లెక్కపెట్టి తారీఖు వేసుకుంటే వైద్యం పనిచేస్తోందో లేదో తెలుస్తుంది.

ఎండబెట్టడం సరిపోని చోట మట్టిలోకి పోసే మందు కావాలి. అన్నిట్లోకీ నికరమైనది బీటీఐ, అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్ అనే బాక్టీరియా. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారి నీటిగుంటలో దొరికింది. మన దగ్గర దోమల లార్వాల మీద వాడేది ఇదే. పురుగు దీన్ని తింటే పేగు గోడ చిట్లి చస్తుంది. మనకు, పెంపుడు జంతువులకు, వానపాములకు ప్రమాదం లేదు. కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త: ఎరువుల దుకాణంలో ‘బీటీ’ అని అడిగితే ఇచ్చేది చాలావరకు కుర్‌స్టాకి రకం, గొంగళిపురుగులకు పనికొచ్చేది. ఈగ పురుగు మీద అది పనిచేయదు. లేబుల్ మీద ‘ఇజ్రాయెలెన్సిస్’ అనో ‘హెచ్-14’ అనో ఉండాలి. అమెరికాలో ఉన్నవాళ్లకు మస్కిటో బిట్స్ పేరుతో గింజలుగా దొరుకుతుంది. ఒక గ్యాలన్ నీళ్లకు నాలుగు టేబుల్ స్పూన్లు వేసి, అరగంట నానబెట్టి, వడకట్టి ఆ నీళ్లు పోయాలి.

బీటీఐ గుడ్డు మీద, ప్యూపా మీద, రెక్కల ఈగ మీద పనిచేయదు, తినే దశలో ఉన్న పురుగు మీదే. మట్టిలో కొద్ది రోజులే నిలుస్తుంది. అందుకే ఒకసారి పోసి ‘పనిచేయలేదు’ అనేయకూడదు. వారానికొకసారి నాలుగైదు వారాలు పోయాలి. గుడ్డు నుంచి ఈగ దాకా మూడు నాలుగు వారాలు పడుతుంది కాబట్టి, ఆ తరం మొత్తం చేతిలోంచి దాటే దాకా మందు ఉండాలి. మామూలు నీళ్లకు బదులుగా పోయాలి, అదనంగా కాదు. లేకపోతే మందు పేరుతో మళ్లీ మట్టిని తడిపినట్టే. ఇంట్లో ఉన్న కుండీలన్నిటికీ ఒకే రోజు పోయడం ఇంకో నియమం, వదిలేసిన ఒక్క కుండీ మిగతావాటికి విత్తనం అవుతుంది.

బీటీఐ దొరకనప్పుడు లీటరు గోరువెచ్చని నీళ్లలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, ఒకటి రెండు మిల్లీలీటర్ల ద్రవ సబ్బు బాగా చిలికి మట్టిలో పోయవచ్చు. వేపలోని అజాడిరాక్టిన్ పురుగు కుబుసం విడవకుండా అడ్డుకుంటుంది. నెమ్మదిగా పనిచేస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ సలహా ఇంగ్లీషు పేజీల నుంచి వచ్చింది: 3 శాతం ద్రావణం ఒక వంతు, నీళ్లు నాలుగు వంతులు అని. మన మందుల షాపుల్లో దొరికేది చాలావరకు 6 శాతంది. అదే లెక్కతో కలిపితే ఘాటు రెట్టింపై లేత వేర్లు కాలతాయి. సీసా చూసి, 6 శాతమైతే ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు కలపాలి. అది మట్టిలో నురగ వచ్చిన కొద్దిసేపటికే విరిగి నీరైపోతుంది, మర్నాడు పెట్టిన గుడ్డును ఏమీ చేయదు. అందుకని దీన్ని నమ్ముకోవడం దండగ. పైన ఇసుక పరిస్తే కొంత ఫలితం ఉంటుంది, అయితే రెండు సెంటీమీటర్ల మందం ఉండాలి, కుండీ అడుగు రంధ్రాల నుంచి కూడా ఈగలు వచ్చిపోతాయని గుర్తుండాలి. కార్బోఫ్యురాన్ లాంటి గుళికలు ఇంటి కుండీల్లో, అందునా తినే ఆకుల కుండీల్లో అసలు వేయకూడదు. అవి మనుషులకు తీవ్రమైన విషం.

చలిదేశాల్లోని తెలుగు ఇళ్లలో దీనికి ఒక సీజనుంది. అక్టోబరులో కరివేపాకు కుండీని లోపలికి తెస్తారు. వెలుతురు తగ్గి మొక్క నిద్రలోకి జారుకుంటుంది, తాగే నీరు చాలా తగ్గిపోతుంది. ఆకులు రాలుతుంటే నీళ్లు చాలలేదనుకుని ఇంకాస్త పోస్తారు. నవంబరుకల్లా టీవీ వెలుతురు ముందు ఈగలు. ఆకు రాలడం దాని చలికాలపు నడవడి, దానికి విరుగుడు కిటికీ పక్క వెలుతురు, నీళ్లు కాదు. కుండీ బరువు సగానికి తగ్గేదాకా ఆగి పోయాలి. లోపలికి తెచ్చే రోజునే పైన మూడు సెంటీమీటర్ల మట్టి తీసి పారేసి కొత్తది వేస్తే సగం సమస్య గుమ్మం బయటే ఆగుతుంది.

డ్రెయిన్

డ్రెయిన్ ఫ్లై పురుగు నీళ్లలో కాదు, పైపు గోడకు పట్టిన జిగురులో ఉంటుంది. వెంట్రుకలు, సబ్బు జిడ్డు, అన్నం మెతుకులు కలిసి కట్టిన పొర అది. ఏ డ్రెయినో తేలడానికి రాత్రి జాలీని పొడిగా తుడిచి, టేపును జిగురు వైపు కిందికి ఉండేలా సగం మేరే అంటించి, రెండు మూడు రాత్రులు ఉంచాలి. ఈగలు అంటుకున్న డ్రెయినే దోషి. మొత్తం మూసేస్తే గాలి ఆడక ఈగ పైకి రాదు.

మరిగే నీళ్లు పోయడం అందరూ చేసే పని. జిగురు పొర మందంగా ఉంటే వేడి లోపలికి చేరదు, పైగా పీవీసీ పైపు 75, 80 డిగ్రీల దగ్గర మెత్తబడి అతుకులు వదులవుతాయి. వంటసోడా, వెనిగర్ కలిపితే నురగ బాగా వస్తుంది, ఒకదాన్నొకటి విరిచేసుకుని మిగిలేది ఉప్పునీళ్ల లాంటిదే. బ్లీచింగ్ పొర మీదుగా జారిపోతుంది. అన్నిటికన్నా ప్రమాదం బ్లీచింగ్ పోసిన కాసేపటికే బాత్రూం ఆసిడ్ పోయడం: రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపు మూసిన చిన్న గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

పనిచేసేది తోమడమే. జాలీ, నహానీ ట్రాప్ (నేల డ్రెయిన్ కింద నీళ్లు నిలిచి మురుగు వాసనను ఆపే గిన్నె) లోపలి కప్పు బయటికి తీసి, పొడుగు సీసా బ్రష్షుతో అడుగు లోతు వరకు గోడలు గీకాలి, 60 డిగ్రీలు దాటని వేడినీళ్లు, డిటర్జెంట్‌తో కడగాలి. ఆపైన ఎంజైమ్ లేదా బాక్టీరియా ఆధారిత క్లీనర్‌ను ఇంట్లో అందరి స్నానాలూ అయ్యాక రాత్రి పోసి తెల్లారేదాకా నీళ్లు వదలకుండా ఉంచాలి, వారం రోజులు వరసగా. వంటింటి సింకు కింద బాటిల్ ట్రాప్ ఉంటే విప్పి కడగడం పది నిమిషాల పని. మడతలు మడతలుగా ఉండే వేస్ట్ పైపు అయితే దాన్ని కడగడం కంటే మార్చడం తేలిక, ప్రతి మడతా ఒక జిగురు గూడు. ఆ పైపు నేల రంధ్రంలోకి దిగే చోట చుట్టూ ఖాళీ ఉంటే రబ్బరు రింగుతో మూయాలి.

వాడని బాత్రూంలో ఈగలుంటే కారణం ఇంకా సులువు. డ్రెయిన్ ట్రాప్‌లో నిలవాల్సిన రెండంగుళాల నీరు ఆవిరైపోయి మురుగు పైపుకు, గదికి మధ్య అడ్డు లేకుండా పోయింది. వారానికో చెంబు నీళ్లు పోస్తే చాలు, నెలల తరబడి ఊరు వెళ్లేవాళ్లు ఆ నీళ్ల మీద రెండు చెంచాల వంటనూనె వేసి వెళ్తే ఆవిరి కాదు.

ఇక గూని ఈగ, ఫోరిడ్. కుళ్లిన దుంప నుంచి ఫ్రిజ్ వెనుక చచ్చిన బల్లి దాకా దేనిలోనైనా పుడుతుంది. అవేవీ లేకుండా, డ్రెయిన్లు శుభ్రం చేశాక కూడా టైల్స్ సందుల్లోంచో, కమోడ్ అడుగు అంచు నుంచో పరుగెత్తుతూ వస్తుంటే నేల కింద మురుగు పైపు పగిలి మట్టిలోకి కారుతోందేమోనని చూడాలి. ఆ టైల్స్ మీద టేపు అంటించి ఏ సందులోంచి వస్తున్నాయో గుర్తు పెట్టుకుంటే, ప్లంబర్ గది అంతా తవ్వకుండా అక్కడే మొదలుపెడతాడు.